లాప్‌టాప్‌లో విత్తనాల గుమ్మి



ఈ కార్యక్రమంలో నేను ఇదివరకు మామిడికాయ తొక్కుల గురించీ, బీడీ కార్మికుల పీఎఫ్ కాగితాల గురించీ, చంటిపిల్లల టీకాల గురించీ మాట్లాడాను. ఈ వారం లాప్‌టాప్ గురించి మాట్లాడబోతున్నానని చెప్పగానే మావారు పేపరు కిందికి దించి, "నువ్వు చదివింది పదో తరగతి. నీకెందుకే ఆ సంగతులు?" అన్నారు. మాట నిజమే. కాని 2025 దీపావళికి ముందు మా ఇంట్లో వచ్చిపడ్డ చిక్కులో ఆయన డిగ్రీ ఏమీ పనికి రాలేదు. నా పదో తరగతి లెక్కలే కాస్త అక్కరకు వచ్చాయి. ఎట్లాగో చెబుతాను, వినండి.

మాది కోరుట్ల. మా అక్కను సిరిసిల్లకు ఇచ్చారు. మా బావగారు మరమగ్గాల మీద పనిచేసేవారు. చూపు మందగించి మానుకున్నారు. అప్పటి నుంచి అక్కే ఇంటి ముందు గదిలో కుట్టుమిషన్లు వేసి లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు కుట్టిస్తుంది. తనతో కలిపి పదకొండు మంది ఆడవాళ్లు. డజనుకు ఇంతని కూలి. ఎవరు ఎన్ని డజన్లు కుట్టారు, ఎవరు ముందుగా ఎంత తీసుకున్నారు, ఎవరికి ఎంత రావాలి, ఇదంతా అక్క లెక్క రాసుకోవాలి. మొదట్లో పొడుగు పుస్తకంలో రాసేది. కొడుకు డిగ్రీ చదివేటప్పుడు 2017లో చీటీ ఎత్తి ఒక లాప్‌టాప్ కొనిచ్చింది. వాడు 2022లో దుబాయి పోతూ దాన్ని తల్లికి వదిలిపెట్టి, ఫోనులోనే లెక్కలు ఎక్కించడం నేర్పాడు. 2025 జూన్ నుంచి అక్క పుస్తకం మానేసింది. "పుస్తకంలో కొట్టివేతలుంటయి, ఇండ్ల ఉండయి చెల్లే" అని ఒకటే మురిసిపోయేది.

దీపావళి అక్టోబరు 20, సోమవారం. ఆదివారం నాడు అందరికీ కూలి పంచాలి. గురువారం సాయంత్రం లాప్‌టాప్ తెరిస్తే అప్‌డేట్ ఉందన్నది. మీలో కొందరికి తెలిసే ఉంటుంది, విండోస్ 10 అనే రకానికి ఉచితంగా అప్‌డేట్లు ఇవ్వడం 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఆ ఆఖరి రోజున వచ్చినదే ఇది. అక్క సరే అని నొక్కి, వంటింట్లోకి పోయింది. తెర మీద నీలంగా "పని జరుగుతున్నది, ఆపవద్దు" అని వస్తుండగా వీధిలో కరెంటు పోయింది. ఆ లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, వైరు గోడకు తగిలిస్తేనే బతుకుతుంది. ఠక్కున ఆరిపోయింది.

కరెంటు వచ్చాక మళ్లీ తెరిస్తే లెక్కలు లేవు, కొడుకు ఫోటో లేదు. నీలం తెర మీద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. వాటి సారాంశం ఏమంటే, "నీ కంప్యూటరుకు మరమ్మతు కావాలి. మరమ్మతు పనిముట్లు ఉంటే వాడుకో, లేకుంటే తయారుచేసిన వాళ్లను అడుగు" అని. శుక్రవారం పొద్దున అక్క దాన్ని ఒక షాపుకు పట్టుకుపోతే అక్కడి అబ్బాయి, "ఫార్మాట్ కొడితే అయిపోతది, గంటలో ఇస్త" అన్నాడు. లోపల ఉన్న లెక్కలో అని అడిగితే, "అవి పోతయి మరి" అన్నాడు చాలా తేలిగ్గా.

ఇంటికి వచ్చేసరికి కుట్టుగదిలో గుసగుసలు మొదలైనాయి. ఒకామె, "అక్కా, నావి ఇరవై ఆరు డజన్లు, నాకు యాదికున్నది" అంది. ఇంకొకామె, "అందరికీ యాదికుంటయి, ఎవరికి ఎక్కువ యాదికుంటే వాళ్లకే లాభం" అని దెప్పింది. మా అక్క నాకు ఫోను చేసి ఏడ్చింది. పైసల కోసం కాదు. పదేళ్లుగా ఆ గదిలో లెక్క దగ్గర ఒక్కనాడు మాట రాలేదు.

నేను ధైర్యం చెప్పి, లాప్‌టాప్ తీసుకుని వేములవాడ మీదుగా బస్సెక్కి రమ్మన్నాను. మా అమ్మాయి నాచుపల్లి ఇంజనీరింగు కాలేజీలో చదువుతున్నది. పండుగకు ఆ సాయంత్రమే వస్తున్నది. దానికీ ఫోను చేసి, జగిత్యాలలో బస్సు మారేటప్పుడు రెండు పెన్ డ్రైవులు కొనుక్కురమ్మన్నాను. అది మంచిదైంది, ఎందుకంటే మర్నాడు శనివారం బీసీ రిజర్వేషన్ల కోసం రాష్ట్రమంతా బంద్. బస్సు లేదు, షాపు లేదు. జగిత్యాలలో పెన్ డ్రైవులు అమ్మినాయన సంగతంతా విని, "ఫార్మాట్ మాత్రం చేయించకు బిడ్డా. ముందు ఫైళ్లు బయటికి తీసుకో, ఆ తరువాత దాని సంగతి చూడు" అని చెప్పి పంపించాడట. ఆ ఒక్క మాటకు ఆయనకు చేతులెత్తి మొక్కాలి.

ఇక్కడ కొంచెం ఆగి, అసలు విషయం చెప్పాలి. మన తల్లుల కాలంలో వడ్లు ఇంటికి రాగానే తిండిగింజలు ఒక గుమ్మిలో, విత్తనపు గింజలు వేరే గుమ్మిలో పోసేవారు. విత్తనాల గుమ్మి మూత మీద పేడ మెత్తి, మూలకు నెట్టేవారు. ఇంట్లో బియ్యం నిండుకున్నా దాని జోలికి పోయేవారు కాదు. లాప్‌టాప్‌లోనూ అట్లాంటి గుమ్మి ఒకటుంది. దాన్నే రికవరీ పార్టిషన్ అంటారు. పార్టిషన్ అంటే లోపలి డిస్కును గదులుగా విడదీసిన భాగం. మనకు కనిపించేవి సీ అనీ డీ అనీ అక్షరాలున్న గదులు. దీనికి అక్షరం ఉండదు, అందుకే మామూలుగా కనిపించదు. చాలా వాటిలో అయిదు వందల ఎంబీ నుంచి ఒక జీబీ దాకా ఉంటుంది. డిస్కు మొత్తంతో పోల్చితే గంపెడు వడ్లలో దోసెడు. విండోస్ పడిపోయినప్పుడు దాన్ని లేపడానికి కావలసిన చిన్న విండోస్ ఒకటి అందులో నిద్రపోతూ ఉంటుంది. లాప్‌టాప్ వరసగా రెండుసార్లు సరిగా మొదలుకాలేకపోతే, మూడోసారి తనంతట తానే ఆ గుమ్మి మూత తీస్తుంది. కొత్తగా వచ్చిన అప్‌డేట్‌ను వెనక్కి తీసేయనా, మొదలయ్యే భాగాన్ని సరిచేయనా అని మనల్ని అడుగుతుంది.

కొన్ని కంపెనీలు దీంతోపాటు ఇంకొక పెద్ద గది కూడా పెట్టి అమ్ముతాయి. పది ఇరవై జీబీలు ఉంటుంది. అది లాప్‌టాప్‌ను కొన్ననాటి స్థితికి తెచ్చేది. ఆ రెండింటినీ ఒకటనుకోకండి. చిన్నది రోగం కుదురుస్తుంది. పెద్దది మళ్లీ పుట్టిస్తుంది, పాత జన్మలోనివేవీ గుర్తుండవు.

మరి అక్క లాప్‌టాప్ మూడోసారి ఆ మూత ఎందుకు తీయలేదు? మా అమ్మాయి అడిగిన ప్రశ్న అదే. శుక్రవారం రాత్రి అక్కను కూర్చోబెట్టి, "పెద్దమ్మా, దీన్ని ఎప్పుడన్నా ఎవరికన్నా ఇచ్చినవా?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. అప్పుడు జ్ఞాపకం వచ్చింది. రెండేళ్ల కిందట నెమ్మదిగా నడుస్తోందని ఒక చోట ఇస్తే, అక్కడి పిల్లవాడు, "ఈడ ముక్కొకటి ఉత్తగనే పడి ఉన్నది, మీ జాగల కలిపేస్తున్న" అన్నాడట. ఊరి పేరు, షాపు పేరు వద్దులెండి. వాడు చెడ్డవాడని కాదు. విత్తనాల గుమ్మిని చూసి, ఈ ఇంటివాళ్లు తినడం మరిచిపోయారనుకున్నాడు. అర జీబీ చోటు పెరిగిందని మా అక్క ఆనాడు సంతోషించింది కూడా.

గుమ్మి లేకపోతే విత్తనాలు పక్కింటి నుంచి తెచ్చుకోవాలి. మా అమ్మాయి తన లాప్‌టాప్‌లో విండోస్ కంపెనీ వారి సైటు నుంచి, ఎనిమిది జీబీల పెన్ డ్రైవులోకి ఇన్‌స్టాల్ చేసే సరుకంతా దింపింది. నాలుగు జీబీల పైచిలుకు. ఫోను నెట్టు మీద రాత్రంతా దిగుతూనే ఉన్నది. నేను మధ్యలో మంచినీళ్లకు లేచి చూస్తే అక్క దాని ముందు కూర్చుని, పాలు పొంగుతాయేమోనని కాపలా కాసినట్టు చూస్తున్నది.

శనివారం పొద్దున పెన్ డ్రైవు పెట్టి, అందులో నుంచి మొదలయ్యేటట్టు చేసింది. దానికి లాప్‌టాప్‌ను బట్టి ఒక్కోదానిలో ఒక్కో మీట నొక్కాలి. తెర మీద రెండు దారులు వచ్చినాయి. నడుమ పెద్ద అక్షరాలతో "ఇన్‌స్టాల్", మూలకు చిన్న అక్షరాలతో "రిపేర్ యువర్ కంప్యూటర్". పెద్ద అక్షరాల వైపు పోతే షాపు అబ్బాయి చెప్పినదే జరుగుతుంది. మూలన ఉన్న చిన్న అక్షరాలే మనకు కావలసినవి. అది నొక్కి లోపలికి పోగానే ఇంకొక తాళం అడ్డం పడింది.

బిట్‌లాకర్ అని ఉంటుందట. లాప్‌టాప్ దొంగలు ఎత్తుకుపోయినా లోపలి కాగితాలు చదవలేకుండా డిస్కుకు వేసే తాళం. కొన్ని లాప్‌టాప్‌లలో మనం మన ఖాతాతో మొదటిసారి లోపలికి పోగానే, మనం అడగకుండానే అది పడిపోతుంది. మామూలు రోజుల్లో కనబడదు. ఇట్లా బయటి నుంచి వచ్చినప్పుడే తాళంచెవి అడుగుతుంది. ఆ తాళంచెవి నలభై ఎనిమిది అంకెలు! ఆరేసి అంకెల గుంపులు ఎనిమిది. అక్క నా మొహం చూసింది, నేను అమ్మాయి మొహం చూశాను.

ఖాతా తెరిచింది దుబాయిలో ఉన్న కొడుకు కదా. తాళంచెవి వాడి ఖాతాలోనే ఉంటుందని అమ్మాయి చెప్పింది. మనకు ఒంటిగంటన్నర అయితే వాళ్లకు పన్నెండు. భోజనాల వేళ చూసి ఫోను చేశాం. వాడు తన ఫోనులో ఖాతా తెరిచి, తెర మీద చూపించిన గుర్తులోని మొదటి ఎనిమిది అక్షరాలతో సరిచూసి, "చిన్నమ్మా, రాసుకోండ్రి" అని ఇంగ్లీషులో ఒక్కొక్క అంకే చదివాడు. వెనకాల గిన్నెల చప్పుడు, ఎవరివో మాటలు. అక్క తన పాత కూలీల పుస్తకం వెనక పేజీలో రాసుకున్నది. అన్నీ కొట్టాక తాళం తెరుచుకోలేదు.

అప్పుడు మా అమ్మాయి ఒక మాట చెప్పింది. "అమ్మా, ఈ ఆరంకెల గుంపులు ఒక్కొక్కటి పదకొండుతో శేషం లేకుండా పోవాలె. పోకపోతే ఆ గుంపు తప్పు." నేను కాగితం తీసుకుని భాగహారం మొదలుపెట్టాను. మావారు ఫోనులో క్యాలిక్యులేటరు వెతుక్కునేసరికి నావి నాలుగు గుంపులు అయిపోయినాయి. అయిదో గుంపులో శేషం మిగిలింది. మళ్లీ దుబాయికి ఫోను. అక్కడ వాడు ఫైవ్ అన్నది అక్క నైన్ అని రాసింది. దిద్ది కొట్టగానే తాళం తెరుచుకున్నది. పదో తరగతి లెక్కల పంతులు గారు గుర్తుకొచ్చారు. ఆనాడు ఈ భాగహారాలు ఎందుకని విసుక్కునేదాన్ని.

తాళం తెరుచుకుంది కదా అని మా అమ్మాయి వెంటనే మరమ్మతుకు దిగలేదు. జగిత్యాల ఆయన చెప్పినట్టు ముందు ఫైళ్లు తీసింది. ఆ నల్ల తెర మీద నోట్‌ప్యాడ్ అని కొట్టి, అందులో ఫైలు తెరిచే పెట్టె తీసి, "అన్ని ఫైళ్లు" అని పెట్టుకుంటే లోపలి గదులన్నీ కనిపిస్తాయి. అక్కడి నుంచి నకలు తీసి రెండో పెన్ డ్రైవులో అతికించవచ్చు. ఉత్తరాలు రాసుకునే పలకను కిటికీ చేసుకుని లోపలి సామాను బయటికి అందుకోవడమన్న మాట. లెక్కల ఫైలు, ఫోటోలు వచ్చేశాయి. అమ్మాయి తన లాప్‌టాప్‌లో లెక్క తెరిచి చూపించింది. ఇరవై ఆరు డజన్లని చెప్పిన ఆమెవి ఇరవై ఏడు. పాపం, ఒక డజను తక్కువే చెప్పుకున్నది. అక్క అప్పటికప్పుడు ఆమెకు ఫోను చేసింది. అవతల ఆమె ఏమన్నదో నాకు వినపడలేదు గాని, అక్క కొంగుతో కళ్లు తుడుచుకున్నది.

ఇక మరమ్మతు. మొదలయ్యే భాగాన్ని సరిచేసే దారి ఒకటి పట్టి చూస్తే కుదరలేదన్నది. "ఆఖరున వచ్చిన క్వాలిటీ అప్‌డేట్‌ను తీసేయి" అనే రెండో దారి పట్టింది. అరగంట తిరిగి తిరిగి, లాప్‌టాప్ మామూలుగా తెరుచుకున్నది. దుబాయి కొడుకు ఫోటో తెర మీదికి వచ్చింది.

గుమ్మి మళ్లీ కట్టడం మాత్రం పెద్ద పనే. తాళాన్ని కాసేపు ఆపి, సీ గదిలో నుంచి ఒక జీబీ కోసి, వేరే గది చేసి, ఇది రికవరీది అని దానికి గుర్తు వేసి, పెన్ డ్రైవులో నుంచి ఆ నిద్రపోయే విండోస్ ఫైలును వెతికి తెచ్చి పెట్టాలి. డిస్క్‌పార్ట్ అనే ఆదేశంతో చేస్తారు. అందులో డిస్కు నంబరు ఒకటి తప్పు చెబితే ఇల్లంతా ఊడ్చుకుపోతుంది. "ఎక్కడో చదివాం, మేమే చేసుకుంటాం" అనుకోవద్దు. తెలిసినవాళ్లు పక్కన ఉండాలి, ఫైళ్ల నకలు ముందే బయట ఉండాలి.

మీ ఇంట్లో ఉన్నదానిలో గుమ్మి ఉన్నదో లేదో చూసుకోవడానికి మాత్రం ఎవరూ అక్కర లేదు, ఏమీ పాడుకాదు. కాగితం, కలం తీసుకోండి. స్టార్ట్ దగ్గర సి, ఎం, డి అని మూడక్షరాలు కొట్టండి. కమాండ్ ప్రాంప్ట్ అని వస్తుంది. దాని మీద కుడివైపు మీట నొక్కి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" అనేది ఎంచుకోండి. నల్ల తెర వస్తుంది. అందులో ఆర్, ఈ, ఏ, జి, ఈ, ఎన్, టి, సి, అన్నీ కలిపి, తరువాత ఖాళీ ఇచ్చి, ఏటవాలు గీత గీసి, ఐ, ఎన్, ఎఫ్, ఓ అని కొట్టి ఎంటర్ నొక్కండి. "విండోస్ ఆర్ఈ స్టేటస్" అన్న వరసలో ఎనేబుల్డ్ అని ఉంటే గుమ్మి పదిలం. డిసేబుల్డ్ అని ఉంటే ఇన్ఫో బదులు ఎనేబుల్ అని కొట్టి చూడండి. మూత మాత్రమే పడి ఉంటే తెరుచుకుంటుంది. ఫైలు దొరకలేదని చెప్పిందంటే, మా అక్కకు జరిగినట్టే ఎవరో గింజలు తోడేశారన్న మాట.

ఈ చిన్న గది తెచ్చిన చిక్కులు మా ఒక్క ఇంటివే కావు. 2018 ఏప్రిల్ నాటి పెద్ద అప్‌డేట్ తరువాత కొందరి లాప్‌టాప్‌లలో దాగి ఉండవలసిన ఈ గదికి కొత్తగా అక్షరం వచ్చి, "చోటు నిండిపోయింది" అని మాటిమాటికీ హెచ్చరిక మొదలైంది. నిండుగా ఉండడమే దాని పని కదా! అది తెలియక ఖాళీ చేయబోయిన వాళ్లు ఎందరో. ఆ అక్షరాన్ని తీసేస్తే సరిపోయేది. 2024 జనవరి 9న విండోస్ 10 వాళ్లకు ఒక అప్‌డేట్ వచ్చింది. ఈ రికవరీ గది గుండా దొంగచాటుగా పోయి, ఇందాక చెప్పిన బిట్‌లాకర్ తాళాన్ని తప్పించుకునే సందు ఒకటి కనిపెట్టారు. దాన్ని మూసే అప్‌డేట్ అది. కాని ఆ గదిలో 250 ఎంబీ ఖాళీ ఉంటే తప్ప అది పట్టదు. చాలామంది గదులు చిన్నవి. ప్రపంచమంతటా లక్షణంగా నడుస్తున్న కంప్యూటర్లు ఎర్రగా ఒక తప్పు నంబరు చూపించి, రోజూ ప్రయత్నించి రోజూ ఓడిపోయాయి. గదిని మీరే పెంచుకోండని, ఇందాక నేను మీరే చేసుకోవద్దన్న ఆదేశాలన్నీ కంపెనీవారు కాగితం మీద రాసిచ్చారు. మామూలు ఇల్లాలు ఎట్లా చేసుకుంటుంది చెప్పండి!

ఇంకొకటి విచిత్రం. మా అక్క ఏడుస్తున్న ఆ వారంలోనే, విండోస్ 11కు అక్టోబరు 14న వచ్చిన అప్‌డేట్ వేసుకున్నవాళ్లకు రికవరీ గది తెరుచుకునేది గాని, లోపల వైరుతో పెట్టిన కీబోర్డు, మౌసు పనిచేసేవి కావు. గడప దాకా పోయి గొళ్లెం తీయలేకపోవడం. దాన్ని 20వ తేదీన వేరే అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. అందుకే నేను అప్‌డేట్ రాగానే ఉరుకుతూ నొక్కవద్దంటాను. అట్లాగని ఏళ్ల తరబడి ఆపుకోనూవద్దు. రెండు రోజులు చూసి, కరెంటు నికరంగా ఉండే వేళ, బ్యాటరీ మంచిదైతేనే నొక్కండి. కూలి పంచే ముందు రోజు, పిల్లల పరీక్ష ముందు రోజు అసలే వద్దు.

అన్నిటికన్నా ముఖ్యంగా మా అక్కకు నేను రెండుసార్లు చెప్పవలసి వచ్చిన సంగతి ఇది. గుమ్మి పదిలంగా ఉన్నా, అది లాప్‌టాప్‌ను బతికిస్తుంది గాని మన లెక్కలను కాదు. దానిలో మన ఫోటో ఒక్కటి కూడా ఉండదు. మన కాగితాల నకలు మనమే వేరే చోట పెట్టుకోవాలి. డిస్కే చచ్చిపోతే గుమ్మి కూడా దానితోనే పోతుంది. అందుకని పదహారు జీబీల పెన్ డ్రైవు ఒకటి తీసుకుని "క్రియేట్ ఎ రికవరీ డ్రైవ్" అనే దానితో బయట ఇంకొక గుమ్మి చేసుకోవచ్చు. అందులో ముందున్నదంతా చెరిగిపోతుంది, కాబట్టి పెళ్లి ఫోటోలున్న పెన్ డ్రైవు తీసుకోకండి. నలభై ఎనిమిది అంకెల తాళంచెవిని లాప్‌టాప్‌లోనే దాచుకోవడమంటే, పెట్టె తాళంచెవి పెట్టెలోనే వేసి మూత వేయడం. అది కాగితం మీద రాసుకోవాలి. రాశాక ఒక్కొక్క గుంపునూ పదకొండుతో భాగించి చూసుకోవాలి.

ఆదివారం బస్సులు నడిచాయి. అక్క పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి పదిమందికీ లెక్క చూపించి కూలి పంచింది. దీపావళి పోయాక బ్యాటరీ కొత్తది వేయించింది. ఆ లాప్‌టాప్ పాతది, విండోస్ 11కు పనికి రాదు. విండోస్ 10 రక్షణ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా పొడిగించుకునే ఏర్పాటు ఒకటి ఇచ్చారు. అందులో కొడుకు ఖాతా మీద పేరు నమోదు చేయించి, తీసేసిన అప్‌డేట్‌ను మళ్లీ వేయించింది. ఈసారి వంటింట్లోకి పోకుండా ఎదురుగా కూర్చుందట.

పొడుగు పుస్తకం కూడా మళ్లీ తెరిచింది. శనివారం శనివారం లాప్‌టాప్‌లో చూసి అందులో ఎక్కిస్తుంది, ఎవరిది వాళ్లచేత సంతకం పెట్టిస్తుంది. రికవరీ పెన్ డ్రైవు ఎక్కడ పెట్టావని మొన్న అడిగాను. మిగిలిన యూనిఫారం గుడ్డతో చిన్న సంచి కుట్టి, మూతి బిగించి, మీద ఎర్రదారంతో "ముట్టవద్దు" అని కుట్టి మిషను సొరుగులో వేసిందట.